కరెంటుకి దిశ ఉంది కదా, మరి అది సదిశ రాశి ఎందుకు కాదు?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను, ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. మొన్న స్లిప్ టెస్టులో వేగం, బలం, త్వరణం, విద్యుత్ ప్రవాహం ఇచ్చి, వీటిలో వెక్టార్ (సదిశ రాశి) కానిది ఏది అని అడిగారు. నాలుగింటికీ దిశ ఉంది కదా అని ఎంతో సేపు ఆలోచించి చివరికి వదిలేశాను. జవాబు విద్యుత్ ప్రవాహమట. ఎందుకు సార్ అంటే, "అది స్కేలారే (అదిశ రాశే), గుర్తుపెట్టుకో" అన్నారు.

గుర్తుపెట్టుకుంటాను, కానీ మనసు ఒప్పుకోవడం లేదు. దిశ ఉంటే సదిశ, లేకపోతే అదిశ అని పదోతరగతిలో చదివాం. సర్క్యూట్ గీసేటప్పుడు కరెంటుకి బాణం గుర్తు మేమే వేస్తాం కదా? ఇంకో అనుమానం కూడా ఉంది. స్థానభ్రంశం మైనస్ వస్తే వెనక్కి వెళ్ళినట్టు. మరి ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీలు అంటే దానికీ దిశ ఉన్నట్టా? ఎవరైనా విడమరిచి చెప్పండి, ప్లీజ్. ఇక్కడే ఆగిపోతే ముందు పాఠాలు ఏమవుతాయో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు (సోలార్ పని చేసేవాడిని)

చెల్లెమ్మా, నేను ప్యానెళ్ళు బిగించే పని చేస్తాను. రెండు ప్యానెళ్ళ వైర్లు ఒకచోట కలిపి ఒకే వైరుగా కిందికి దింపుతాం. ఒకదాని మీద కాస్త నీడ పడి 3 ఆంపియర్లు, రెండోదాంట్లో 4 వస్తున్నాయనుకో. కలిసిన వైరుకి క్లాంప్ మీటరు తగిలిస్తే 7 చూపిస్తుంది. ఆ రెండు వైర్లు ఎదురెదురుగా వచ్చి కలిసినా, ఎల్ ఆకారంలో కలిసినా, పక్కపక్కనే వచ్చినా 7 మాత్రం మారదు. లెక్కలు మాస్టార్లు చెప్తారు, నేను రోజూ చూసేది ఇది.

జవాబు (రిటైరైన ఫిజిక్స్ మాస్టారు)

అమ్మా, నీకు వచ్చింది మంచి అనుమానం. పై తమ్ముడు అసలు ముడి విప్పేశాడు, నేను దాన్ని కొంచెం పొడిగిస్తాను.

తప్పు నీది కాదు. సదిశ అనే మాట చక్కని మాటే గానీ, సగమే చెబుతుంది. దిశ ఉండాలి, నిజమే. అయితే అది సరిపోదు. రెండు రాశుల్ని కలిపినప్పుడు అవి సమాంతర చతుర్భుజ న్యాయం ప్రకారం కూడాలి. అంటే, రెండు బాణాల్ని పక్కపక్క భుజాలుగా పెట్టి సమాంతర చతుర్భుజం గీస్తే, వాటి మొదలు నుంచి వెళ్ళే కర్ణమే ఫలితం కావాలి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. పిల్లలు నిర్వచనంలో మొదటి ముక్క బట్టీపట్టి రెండోది వదిలేయడం ప్రతి ఏడూ చూశాను.

ఒక పని చెయ్యి. బకెట్టులో నీళ్ళు నింపి, అంతా కలిపి 10 కిలోలు ఉండేలా చూడు. నువ్వూ ఇంకొకరూ చెరొక తాడుతో ఎత్తండి. ఇద్దరూ బాగా దగ్గరగా నిలబడి తాళ్ళు నిట్టనిలువుగా పట్టుకుంటే ఒక్కొక్కరికి 5 కిలోల బరువే. ఇప్పుడు సమానంగా దూరం జరగండి. బకెట్టు అదే, నీళ్ళూ అవే, చేతులు మాత్రం లాగేస్తాయి. రెండు తాళ్ళ మధ్య 120 డిగ్రీల కోణం వచ్చేసరికి ఒక్కొక్కరు 10 కిలోలకు సరిపడా బలంతో లాగాలి. కొక్కెం కాటా దొరికితే తాడుకి తగిలించి చూడు, కళ్ళకు కనబడుతుంది. అంటే 10కి 10 కలిపితే 10 వచ్చింది! బలాలు కూడే తీరు అది. 3, 4 న్యూటన్ల బలాలు లంబంగా ఉంటే ఫలితం 5, ఒకే వైపుకైతే 7, ఎదురెదురైతే 1. కరెంటుకి ఈ తేడాలేవీ లేవు. అందుకే దాన్ని అదిశ రాశుల్లో వేశారు. నువ్వు గీసే బాణం, ఆ తీగలో ఇటు పోతోందా అటు పోతోందా అన్నదే చెబుతుంది. తీగను మెలిపెట్టి సున్నా చుట్టినా కరెంటు విలువ మారదు కదా. తీగ లోపల ఒక్కో బిందువు దగ్గర కరెంటు ఎటు పోతోందో చెప్పే రాశి వేరే ఉంది. దాన్ని ప్రవాహ సాంద్రత అంటారు, అది సదిశే.

మాది నరసాపురం. చిన్నప్పుడు వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళేవాళ్ళం. నీటి లాగుడు ఉన్నప్పుడు పడవవాడు ముక్కుని అవతలి రేవు వైపు పెట్టడు, ఎగువకి ఏటవాలుగా పెడతాడు. ఎటో పోతున్నాడేంటా అనుకునేవాణ్ణి, తీరా చూస్తే పడవ సరిగ్గా రేవుకే చేరేది. లెక్క కోసం నది వెడల్పు కిలోమీటరు, నిలకడ నీటిలో పడవ వడి గంటకి 5, నీటి వడి 3 కిలోమీటర్లు అనుకో. ముక్కు నేరుగా పెడితే 12 నిమిషాల్లో ఒడ్డు చేరతాం, కానీ రేవుకి 600 మీటర్లు దిగువన. ఎగువకి సుమారు 37 డిగ్రీలు తిప్పితే, అడ్డంగా మిగిలేది గంటకి 4 కిలోమీటర్లే. అందుకని 15 నిమిషాలు పడుతుంది, కానీ రేవులోనే దిగుతాం. 3, 4, 5 మళ్ళీ వచ్చాయి చూశావా? పడవవాడు ఇదంతా కాగితం మీద వేసి ఉండడు. నాకు మాత్రం వెక్టార్ అంటే ఇప్పటికీ ఆ పడవ ముక్కే గుర్తొస్తుంది.

ఇక మైనస్ సంగతి. స్థానభ్రంశంలో మైనస్ మనం ఎంచుకున్న గీత మీద వెనకవైపు అని చెబుతుంది. ఉష్ణోగ్రతలో అది నీరు గడ్డకట్టే చోటుని సున్నా అనుకున్నాం కాబట్టి వచ్చింది. మైనస్ 5 డిగ్రీల సెల్సియస్‌నే కెల్విన్లలో 268.15 అంటాం, మైనస్ పోయింది. దిశ అయితే కొలమానం మార్చినంత మాత్రాన పోతుందా?

ప్రశ్న అడిగినమ్మాయి

సార్, బకెట్టుతో తమ్ముడూ నేనూ ఇప్పుడే చేశాం. ఇంట్లో కాటా లేదు. కానీ దూరం జరిగేకొద్దీ తమ్ముడు "అక్కా, వదిలేస్తా" అని అరిచాడు, నీళ్ళు సగం వాకిట్లో ఒలికాయి. అర్థమైంది సార్. చాలా థ్యాంక్స్. మరి దిశ ఉండి కూడా ఇలా కూడనివి ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు (రిటైరైన ఫిజిక్స్ మాస్టారు)

ఉన్నాయమ్మా. నీ పుస్తకమే తీసుకో. అట్ట పైకి, పుస్తకం తల అవతలికి ఉండేలా బల్ల మీద పెట్టు. ముందు తలవైపు అంచు ఎత్తి, అట్ట నీ వైపు తిరిగేలా నిలబెట్టు. తరువాత నిలబడ్డదాన్ని అలా నిలబెట్టే, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకి పావు చుట్టు తిప్పు. ఎలా నిలబడిందో చూసి పెట్టుకో. మళ్ళీ మొదటిలాగే పడుకోబెట్టి, ఈసారి ముందు పావు చుట్టు తిప్పి, తరువాత అవతలి అంచు ఎత్తు. మొదటిసారి పుస్తకం నిటారుగా, అట్ట ఎడమవైపుకి ఉంటుంది. రెండోసారి కుట్టు పైకి వచ్చి, అట్ట నీకెదురుగా ఉంటుంది. రెండు తిప్పుళ్ళూ అవే, వరస మారితే ఫలితం మారింది. వెక్టార్లయితే ఏది ముందు కలిపినా ఒకటే రావాలి. కాబట్టి ఇంత పెద్ద తిప్పుళ్ళు వెక్టార్లు కావు. చాలా చిన్న కోణాలతో చేసి చూడు, ఆ తేడా తగ్గిపోతూ వస్తుంది. ఎందుకో రెండు రోజులు ఆలోచించి ఇక్కడే రాయి, నేను చూస్తాను.