మూడింటికల్లా గాలి తిరిగే రోజు హ్యాంగ్ గ్లైడింగ్ పోటీ టాస్క్: మొదటి గేటా, గుంపుతోనా?

మాదాపూర్_గద్ద:
అందరికీ నమస్తే. 2013 హ్యాంగ్ గ్లైడింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన ఫోర్బ్స్ లాంటి చదును నేల మీద, ఆస్ట్రేలియాలోనే, ఒక ఏరోటో (చిన్న విమానం గ్లైడర్‌ని పైకి లాగి వదిలే) పోటీకి హైదరాబాద్ నుంచి ఇద్దరం వెళ్తున్నాం. కింగ్‌పోస్ట్ (రెక్క పైన నిలువు కడ్డీ) ఉన్న ఇంటర్మీడియట్ గ్లైడర్లు, గ్లైడ్ 10 (మీటరు దిగితే 10 మీటర్లు ముందుకి) అని లెక్కేసుకుంటున్నాం. టాస్క్ (ఆ రోజు ఎగరాల్సిన దారి) 90 కి.మీ. దాకా ఉండొచ్చు, స్టార్ట్ గేట్లు (రేసు మొదలుపెట్టగలిగే సమయాలు) 20 నిమిషాలకొకటి. మధ్యాహ్నం దాకా బాగుండి, మూడింటికల్లా మబ్బులు టవర్లు కట్టి గాలి తిరిగే రోజుల గురించే బెంగ. ఏ గేటు పట్టుకోవాలి? ఎక్కడ ఆట ఆపాలి?

బోడుప్పల్_వేరియో:
తమ్మీ, గేటు సంగతి తర్వాత. ఆ రోజు ఎంతసేపు బతుకుతదో పొద్దుగాలనే లెక్కెయ్యి. నేల మీది ఉష్ణోగ్రతల నుంచి డ్యూ పాయింట్ (గాలిల తేమ మంచయ్యే ఉష్ణోగ్రత) తీసేసి 125తోని గుణిస్తే, బేస్ (మబ్బు అడుగు) నేల నుంచి ఎన్ని మీటర్లో సుమారుగ తెలుస్తది. 38కి 18 ఉంటే 2500 మీటర్లు. వానకాలం లెక్క 29కి 23 ఉంటే 750, ఎగిరే పనే లేదు. మన బేగంపేటల పొద్దుగాల 5:30కు, సాయంత్రం 5:30కు వాతావరణ బెలూన్ పోతది. ఆ సౌండింగ్ (బెలూన్ పంపిన పైగాలి కొలతలు) తీసుకొని ఇప్పటి సంది రోజూ లెక్కేసి, మధ్యాహ్నం డాబా ఎక్కి మబ్బులతోని సరిచూసుకో. శంషాబాద్, హకీంపేట, దుండిగల్ విమానాల జాగల నడుమ మనకు ఎగిరే జాగ ఎట్లాగూ లేదు, కండ్లకన్నా పని పెట్టు.

బేస్ ఒక్కటే చూస్తే మోసపోతవ్. పైన ఇన్వర్షన్ (పైకి పోయినకొద్ది వేడెక్కే గాలి పొర) మూత గట్టిగుంటే మబ్బులు దాని కిందనే పరుచుకొని నీడ పడ్తది, థర్మల్స్ (పైకి లేచే వేడిగాలి) సచ్చిపోతయ్. మూత లేకుంటే అవే మబ్బులు టవర్లైతయ్. మొదటిదాంట్ల పొలంల దిగుడు తప్ప పెద్ద నష్టం లేదు. రెండోదాంట్ల పాణం మీదికి వస్తది.

ఇంకో మాట. ఆగ్నేయ ఆస్ట్రేలియాల ఎండకాలం చలి ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) వచ్చే ముందట వాయవ్యం నుంచి వేడి గాలి కొడ్తది. ఫ్రంట్ దాటంగనే నైరుతికో దక్షిణానికో తిరుగుతది. టాస్క్ ఆగ్నేయం దిక్కు పెట్టిన్రనుకో, ఎనక నుంచి తోసే గాలి కాస్త పక్క గాలో, ఎదురుగాలో అయితది. అక్కడ గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం కుడిచేతి దిక్కుంటది. మన దిక్కు ఎడమ. మ్యాప్ చూసేటప్పుడు పాత అలవాటుతోని తికమక పడకు.

గాలిగోపురం:
మబ్బులు పెరగడం ఖాయమనిపించే రోజు మొదటి గేటే నయం. టైం పాయింట్లు గోల్ చేరినవాళ్లకి. 15 గ్లైడ్ ఉన్న టాప్‌లెస్‌లని (కింగ్‌పోస్ట్ లేని రేసు గ్లైడర్లని) మీ గ్లైడర్లు వేగంలో అందుకోలేవు. మీ పాయింట్లన్నీ దూరంలోనే ఉన్నాయి, దూరానికి కావలసింది ఎండ ఉన్న గంటలు. అందుకే విమానంతో పైకి లాగించుకునే టో క్యూలో ముందుండాలి. అయితే మొదటి గేటుకి ఎవరూ కదలకపోతే ఒంటరిగా పోకండి, స్టార్ట్ సిలిండర్ (మ్యాప్ మీద గీసిన స్టార్ట్ వలయం) అంచున ఎత్తు నిలుపుకుని ఇంకో 20 నిమిషాలు ఆగండి. చదును నేల మీద పక్కన నలుగురు తిరుగుతుంటే థర్మల్ ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు. ఒక్కరే వెళ్తే వెతుకులాటలోనే ఎత్తంతా పోతుంది.

దారిలో గేర్లు మార్చాలి. ఎండ బాగుండి, మబ్బు అడుగు నల్లగా, చదునుగా ఉంటే సెకనుకి 2 మీటర్ల కంటే తక్కువ లిఫ్ట్ (పైకి లేపే గాలి) కోసం ఆగొద్దు. పైన సిర్రస్ (ఎత్తైన పల్చటి మబ్బు) కమ్ముకుని నేల మీద మబ్బుల నీడల అంచులు మసకబారాయంటే వేగం తగ్గించండి, అర మీటరు దొరికినా తిరగండి, దాన్ని వదలొద్దు.

చిన్న క్యుములస్ (దూదిపింజ మబ్బు) ఆయుష్షు 15-20 నిమిషాలే. 5 కి.మీ. అవతల ఉన్నదాన్ని గంటకు 50 వేగంతో చేరడానికి 6 నిమిషాలు. ఇప్పుడు నిండుగా కనిపించేది మీరు వెళ్లేసరికి ముసలిదైపోయి, కింద సింకే (కిందకి దించే గాలే) మిగులుతుంది. పొగ తునకలా అప్పుడే పుడుతున్నదాని వైపు పోండి.

బేస్‌కి ఇంకా 300 మీటర్లు ఉండగానే, తిరగకుండా నేరుగా పోతున్నా వేరియో (ఎక్కే వేగం చూపే మీటరు) సెకనుకి 3 మీటర్లు చూపిస్తుంటే ఇక మబ్బు నడిమధ్య కింద ఉండకండి, లోపలికి పీల్చేస్తుంది. వీజీ (రెక్క గుడ్డ బిగువు మార్చే తాడు) వదులు చేసి, వేగం పెరిగేలా బార్ లాగి, ఎండ పడే అంచుకి వచ్చేయండి.

మాదాపూర్_గద్ద:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. ఒక సందేహం. గోల్‌కి 14 కి.మీ., ఎత్తు 1500 మీటర్లు, వెనక గాలి గంటకు 20 కి.మీ. ముందు పక్కగా 25 కి.మీ. దూరంలో వాన తెర. వెళ్లొచ్చా?

ఫైనల్_గ్లైడ్:
కాగితం మీద వెళ్లొచ్చు. 50 వేగానికి 20 వెనక గాలి కలిస్తే నేల మీద 70, గ్లైడ్ 14. అంటే 14 కి.మీ.కి 1000 మీటర్లు ఖర్చు, 500 మిగులు, 12 నిమిషాల పని.

సగం దారిలో గాలి తిరిగితే? 7 కి.మీ.కి 500 పోయాయి, చేతిలో 1000 ఉంది. ఎదురుగాలి 20 అయితే గ్లైడ్ 6, కాబట్టి 6 కి.మీ. వెళ్లి గోల్‌కి కిలోమీటరు ముందు పడతారు. కానీ గస్ట్ ఫ్రంట్ (ఉరుముల మబ్బు నుంచి దిగి నేల మీద దూసుకొచ్చే చల్లగాలి అంచు) 20తో రాదు. 40 వస్తే నేల మీద మీ వేగం 10, గ్లైడ్ 2. వెయ్యి మీటర్లకి 2 కి.మీ.! వాన తెర 25 కి.మీ. అంటే గస్ట్ ఫ్రంట్ కూడా అంతే దూరమని కాదు, అది వానకి చాలా ముందే పరుగెత్తుతుంది. చూడాల్సింది వానని కాదు, నేల మీద లేచే ఎర్ర దుమ్ము గీతని. అది కనబడితే గోల్ మర్చిపోయి, గీతకి దూరంగా పరుగెత్తి, ఎత్తు వదిలించుకుని, అది చేరకముందే దిగాలి. ఇంకోటి, టాస్క్ ఆపేస్తే లెక్క ఆపిన క్షణం నుంచి కొంత వెనక్కి జరుపుతారు, ఎంతన్నది ఆ పోటీ నిబంధనల్లో చూసుకోండి. ఉరుముల మబ్బు వైపు చివర్లో లాగిన కిలోమీటర్లకి పాయింట్లు కూడా దక్కవు.

దిగడానికి 300 మీటర్ల ఎత్తులోనే పొలం ఖాయం చేసుకోండి. కరెంటు తీగ పైనుంచి కనబడదు, స్తంభాల వరస వెతకండి. ఒక చుట్టు తిరిగి ఎటు కొట్టుకుపోతున్నారో చూస్తే గాలి దిక్కు తెలుస్తుంది. 150కి వచ్చేసరికి వీజీ పూర్తిగా వదిలేసి, హార్నెస్ జిప్ తీసి ఉండాలి. నేల తాకగానే కారబైనర్ (మిమ్మల్ని గ్లైడర్‌కి తగిలించే కొక్కెం) విప్పి ముక్కు దగ్గరి తీగలు పట్టుకోండి. గ్లైడర్ టెన్షన్ తీసి చదునుగా పడుకోబెట్టాక, అప్పుడు ఫోన్ తీసి మిమ్మల్ని తీసుకెళ్లే రిట్రీవ్ బండికి లొకేషన్ పంపండి.