కాలవగట్టు రోడ్డు మీద సైకిలు పిల్లల కోసం అర్జీ ఎవరికి పెట్టాలండీ?

నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. హైస్కూలుకి కాలవగట్టు మీదే దారి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె, మధ్యలో సన్నటి తారురోడ్డు. పిల్లలు సైకిళ్లెక్కే టైముకే కొబ్బరికాయల లారీలూ బయల్దేరతాయి. పోయిన నెల మా అన్నయ్య కూతురు లారీకి దారివ్వబోయి సైకిలుతో సహా కాలవలోకి జారింది. ఆ రోజు నీళ్లు మోకాల్లోతే ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

పెట్రోలు పొగ తగ్గిద్దాం, దగ్గర పనులకి సైకిలెక్కుదాం అని మేం ఎనిమిది మందిమి ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఎండలూ తుపాన్లూ ఎలా ముదురుతున్నాయో సముద్రం పక్కనున్న మాకు వేరే చెప్పాలా! కానీ ఆడవాళ్లు "ముందు ఆ రోడ్డు సంగతి చూడండి బాబూ" అంటున్నారు. వాళ్లదే న్యాయం.

ఒక ఆఫీసుకెళ్తే గట్టు మాదే గానీ రోడ్డు మాది కాదన్నారు. ఇంకోచోట సరిగ్గా తిరగేసి చెప్పారు.

సైకిలు ట్రాక్‌లకి ఐఆర్‌సీ 11 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల) ప్రమాణాలున్నాయని తెలుసండి, గట్టు మీద అంత చోటు లేదు. మేమడిగేది బడి టైములో లారీలు ఆపడం, మలుపుల్లో రెయిలింగ్. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద లారీల ఆంక్ష కలెక్టరు గారే పెట్టొచ్చా? సోమవారం కలెక్టరాఫీసులో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇస్తే చాలా, పంచాయతీ తీర్మానం కూడా కావాలా? మీ ఊళ్లో ఎవరైనా సాధించుంటే ఆ అర్జీ నమూనా పంపండి, పుణ్యముంటుంది.