తెల్లవారుజామున బుర్రలో తిట్టేది ఎవరండీ?

చెరువుగట్టు (భీమవరం దగ్గర):
రెండెకరాల వనామీ రొయ్యల చెరువు, లీజుకి చేస్తున్నాను. రాత్రి కాపలా నాదే. తెల్లవారేముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, కరెంటు పోయిందంటే వెంటనే జనరేటర్ వేయాలి, కాబట్టి కన్ను మూయడానికి లేదు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు తప్ప మనిషి అలికిడి ఉండదు. సరిగ్గా అప్పుడే బుర్రలో మొదలవుతుంది. "నువ్వెందుకూ పనికిరావురా. పోయిన పంట ముంచావు, ఇదీ ముంచుతావు."

పోయిన పంట రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చి 35వ రోజుకే పట్టేసిన మాట నిజమే. కానీ ఆ కాలవ మీద నాతోపాటు ఐదారుగురికి వచ్చింది. ఈ సంగతి పగలు బాగానే గుర్తుంటుంది, రాత్రికే ఎక్కడికో పోతుంది.

మొన్న కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే వినపడింది. అవే తిట్లు, పైకే అనేస్తున్నాను! పక్క చెరువు కుర్రాడు టార్చి వేసి "ఎవరితో బాబాయ్?" అన్నాడు. ఫోనులో అని చెప్పాను. ఫోను గుడిసెలో ఛార్జింగులో ఉంది.

పాటలు పెట్టుకున్నా లాభం లేదు. ఈ గోల ఆపేదెలా?

దారపుండ (నరసాపురం):
ఆపాలని చూడకు తమ్ముడూ. 1987లో డేనియల్ వెగ్నర్ అనే ఆయన కొందరిని కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నాడట, వాళ్ళకి మాటిమాటికీ అదే గుర్తొచ్చిందట. మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది, తనే చెప్పింది.

నేను లేసు అల్లుతాను. ఒక్క కుట్టు తప్పితే చాలు "దరిద్రపు చెయ్యి" అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని, తిట్టుకుంటున్నానని కూడా తెలిసేది కాదు. అమ్మాయి పోరు పడలేక, అనుకున్నప్పుడల్లా క్యాలెండరు మీద గీత పెట్టాను. మొదటి పూటే పదకొండు గీతలు! నవ్వొచ్చింది. నువ్వూ రాసి చూడు, మాట ఉన్నదున్నట్టు రాయి. ఎవరి మాటో చూడు.

బ్యాక్‌బెంచి మాస్టారు (అమలాపురం):
అబ్బాయ్, "నేను" అనుకోవడం మానేసి నిన్ను నువ్వు పేరు పెట్టి పిలుచుకో. 2014లో ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్టు బృందం ప్రయోగం చేసి చూసింది. ఉపన్యాసం ముందు అలా పేరుతో మాట్లాడుకున్నవాళ్ళకి కంగారు తగ్గింది, మాట్లాడటమూ మెరుగ్గా మాట్లాడారు. మనకిది కొత్తేం కాదులే, వేమన తనని తాను "వినుర వేమ" అని పిలుచుకోలేదూ! పక్కవాడి చెరువు పోతే వాడితో ఎలా మాట్లాడతావో అలా మాట్లాడుకో. వాడిని "పనికిరావు" అంటావా?

రొయ్యగాడు:
పేరు పెట్టి పిలుచుకోవడం తర్వాత బ్రదర్, ముందు నిద్రపో. వారానికి మూడు రాత్రులు మనిషిని పెట్టు. నిద్ర లేకపోతే నాకూ ఇలాగే ఉంటుంది. చచ్చిపోదామనే ఆలోచన వచ్చినా, రెండు వారాలైనా తగ్గకపోయినా 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు. సిగ్గుపడకు.

చెరువుగట్టు:
అందరికీ థాంక్సండీ. చావు ఆలోచనలు లేవు, ఒట్టు. రెండు రాత్రులకి మనిషిని పెట్టాను, మూడుకి డబ్బుల్లేవు.

అక్క చెప్పినట్టు మేత లెక్కల పుస్తకం చివర రాశాను. నాలుగు రాత్రుల్లో పంతొమ్మిది. ఎక్కువ నాలుగింటి తర్వాతవే. "ఎందుకూ పనికిరావు" మా నాన్నది, నేను బడి ఎగ్గొట్టి కాలవలో ఈదుతూ దొరికినప్పటిది. "ముంచుతావు" మాత్రం మేత అప్పిచ్చినాయనది, అచ్చం ఆయన యాసలోనే. నాది అనుకున్నదాంట్లో నా మాట ఒక్కటీ లేదు.

ఇంట్లో నన్ను పెద్దోడా అంటారు. రాత్రి మీటరు చూసి, ఎవరూ లేరని చూసుకుని అన్నాను: "పెద్దోడా, ఆక్సిజన్ నాలుగుంది. కూర్చో." సిగ్గేసింది. కూర్చున్నాను.