రుషికొండ అలల్లో ఐపీ68 ఫోన్‌తో వీడియో తియ్యొచ్చా? పోర్టులో తేమ హెచ్చరిక పదే పదే ఎందుకొస్తోంది?

కడలిగాలి (ప్రశ్న)

అల విరిగే చోట ఫోన్‌ని సగం నీళ్లలో, సగం పైకి పట్టుకుని తీసే రీల్స్ ఇప్పుడు తెగ తిరుగుతున్నాయి. కింద కామెంట్లన్నీ ‘ఐపీ68 కదా, ఏం కాదు’ అనే. తెలిసినవాళ్లు చెప్పండి.

డబ్బా మీద రాసిన ఐపీ68 (దుమ్ము, నీరు తట్టుకునే రేటింగ్) సముద్రపు నీళ్లకి కూడా వర్తిస్తుందా?

రెండోది అసలు తలనొప్పి. తమ్ముడి ఫోన్, యూఎస్‌బీ-సీ పోర్టు, ఏడాదిన్నర పాతది, పగుళ్లు లేవు, ఎప్పుడూ విప్పలేదు. రుషికొండలో తడిసి పది రోజులైంది. అన్నీ పనిచేస్తున్నాయి గానీ రాత్రి ఛార్జింగ్ పెడితే ‘పోర్టులో తేమ ఉంది’ అని హెచ్చరిక. పగలు ఆఫీసు ఏసీలో పెడితే రాదు. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టినా లాభం లేదు. పది రోజులకీ ఆరని తేమ ఏంటండీ?

మూడోది, మూడు నాలుగొందలకి దొరికే, ఫోన్‌ని తడవకుండా ఉంచే ప్లాస్టిక్ పౌచ్ సరిపోతుందా, యాక్షన్ కెమెరా అద్దెకి తెచ్చుకోవడం మేలా?

టంకంపెట్టె

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ పోర్టుకి ఎక్కువ టైము లేదు.

అది ఆరని తేమ కాదు. నీళ్లు మొదటి రోజే ఆరిపోయి ఉంటాయి, మిగిలింది ఉప్పు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆవిరయ్యాక అవి పోర్టు మధ్యలోని నాలుక మీద, పిన్నుల సందుల్లో సన్నటి పొరలా ఉండిపోతాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చెమర్చి నీరవుతుంది. వానాకాలంలో కల్లుప్పు జాడీ అడుగున నీరు చేరుతుంది చూడండి, మీ పోర్టులో రోజూ రాత్రి జరుగుతున్నది అదే. విశాఖలో రాత్రిపూట తేమ 75 దాటడం ఏమంత వింత కాదు. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పగలు ఫోన్ నోరు మెదపదు.

పోర్టులోని కొన్ని పిన్నుల మధ్య రెసిస్టెన్స్ (కరెంటుకి ఉండే అడ్డు) కొలిచి ఫోన్ ఆ హెచ్చరిక ఇస్తుంది. తడి ఉప్పు కరెంటుని బాగా పారిస్తుంది, రెసిస్టెన్స్ పడిపోతుంది. అంటే హెచ్చరిక అబద్ధం కాదు.

బియ్యం ఉప్పుని లాగదు. పైగా తవుడు, నూక పోర్టులో చేరతాయి. బియ్యం సంచిలో పెట్టొద్దని ఆపిల్ తన సహాయ పేజీలోనే రాసింది. ఉప్పు పోవాలంటే కడగడం ఒక్కటే మార్గం, ఇలా:

ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చెయ్యండి. సిమ్ ట్రే సరిగ్గా లోపలికి కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి. ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు తెచ్చుకోండి (అక్కడే యాసిడ్ కూడా అమ్ముతారు, లేబుల్ చదివి తీసుకోండి). బోరు నీళ్లు వద్దు, వాటిలో లవణాలు వాటికున్నాయి. ఓ గ్లాసులో పోసి, పోర్టున్న అంచు ఓ అంగుళం మునిగేలా పట్టుకుని రెండు మూడు నిమిషాలు మెల్లగా ఆడించండి. ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోసి మళ్లీ చెయ్యండి, మొత్తం మూడుసార్లు. తర్వాత పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద నెమ్మదిగా తట్టండి. చివరగా 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు మూడు చుక్కలు వేస్తే మిగిలిన నీటిని తనతో తీసుకుపోతుంది. పోర్టు కిందికి ఉండేలా ఫ్యాన్ గాలికి ఆనించి ఒక రోజు వదిలెయ్యండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, వేడికి సీలు జిగురు మెత్తబడుతుంది. గుండుసూది, అగ్గిపుల్ల, దూది పుల్ల ఏవీ పోర్టులో దూర్చొద్దు.

అప్పటిదాకా ఛార్జింగ్ ఎలా అంటే, వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోనైతే వీపు తుడిచి ఛార్జింగ్ ప్యాడ్ మీద పెట్టండి. లేకపోతే కడిగి ఆరేదాకా ఓపిక పట్టడమే.

ఇంకోటి. ‘ఫోన్ ఆఫ్ చేసి ఛార్జర్ పిన్ను పెడితే హెచ్చరిక రాదు’ అని వీడియోలు చూపిస్తున్నారు. కొన్ని మోడల్స్‌లో నిజమే, అందుకే ప్రమాదం. నీటిని విడగొట్టే విద్యుద్విశ్లేషణకి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఛార్జర్ ఇచ్చేది 5, ఫాస్ట్ ఛార్జింగ్‌లో 9 లేదా ఇంకా ఎక్కువ. ఉప్పునీళ్ల మీద ఆ వోల్టేజీ పడితే ప్లస్ వైపు లోహం కరగడం మొదలవుతుంది. పిన్నుల మీది బంగారు పూత మైక్రాన్ మందం కూడా ఉండదు. అది పోతే కింద నికెల్, ఆ కింద రాగి. టార్చి వేసి భూతద్దంతో నాలుకని చూడండి. ఒక్కో వైపు 12 పిన్నుల్లో 4వది, 9వది కరెంటు మోసేవి, ముందు పోయేవి అవే. పసుపుపచ్చగా మెరుస్తుంటే బతికినట్టే. ఆకుపచ్చ పొడి కనిపిస్తే రాగి బయటపడింది. నల్లగా ఉంటే కాలింది, దాన్ని కడిగినా ఉపయోగం లేదు.

బొర్రా_బిట్

బియ్యంలో పెట్టడం వల్ల ఒక లాభం ఉంది: ఫోన్ చేతికి అందకుండా రెండు రోజులు డబ్బాలో ఉంటుంది, ఎవడూ ఛార్జింగ్ పెట్టడు. ఆ పుణ్యం బియ్యానికి కట్టబెడుతున్నారు.

తిమ్మాపురం_ట్రైపాడ్

మొదటి, మూడో ప్రశ్నలకి.

ఐపీ అనేది ఐఈసీ 60529 ప్రమాణం. మొదటి అంకె 6 దుమ్ముకి. రెండో అంకె నీటికి: 7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు, 8 అంటే అంతకంటే కఠినంగా, ఎంత అన్నది కంపెనీ చెప్పుకోవాలి. అందుకే రెండు ఐపీ68 ఫోన్లు ఒకటి కావు. ఐఫోన్ 12 నుంచి ఆపిల్ చెప్పేది 6 మీటర్లు, 30 నిమిషాలు. శామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లకి 1.5 మీటర్లు, 30 నిమిషాలు. ఇవన్నీ మంచినీటిలో, కదలని నీటిలో, కొత్త ఫోన్ మీద చేసిన పరీక్షలు. ఇప్పుడు కొన్ని డబ్బాల మీద ఐపీ69 కూడా కనిపిస్తోంది. అది 80 డిగ్రీల వేడినీటి జెట్‌ని తట్టుకునే పరీక్ష. దానికీ ఉప్పుకీ సంబంధం లేదు.

‘అల కొడితే ఆ ఒత్తిడికే సీలు పోతుంది’ అని చాలామంది రాస్తారు. అది పెద్ద విషయం కాదని నా లెక్క. సెకనుకి 5 మీటర్ల వేగంతో నీరొచ్చి కొట్టినా ఆ ఒత్తిడి 1.3 మీటర్ల లోతుకి సమానం. కొత్త ఫోన్ తట్టుకోవాలి. దెబ్బతీసేది ఇసుక, వేడి. సిమ్ ట్రే రబ్బరు రింగు మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక అడ్డం పడితే అక్కడ దారి ఏర్పడినట్టే. రెండోది, ఎండలో అరగంట కాగిన ఫోన్‌ని ఒక్కసారిగా నీళ్లలో ముంచితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, సన్నటి సందు ఎక్కడున్నా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. లెన్స్ లోపల ఆవిరి పట్టిందంటే లోపల తేమ చేరినట్టే, పైకి ఏ తడీ కనపడకపోయినా.

కాబట్టి నా మాట: సముద్రంలో ఉట్టి ఫోన్ వద్దు. కంపెనీలు ఐపీ68 అని పెద్దక్షరాల్లో వేసుకుంటాయి, వారంటీ కాగితంలో ద్రవం వల్ల నష్టానికి మా బాధ్యత లేదంటాయి. ఫోన్ లోపల తెల్లటి సూచిక ఉంటుంది, తడిస్తే ఎర్రబడుతుంది. ఐఫోన్‌లో సిమ్ ట్రే తీసి ఆ సందులోకి టార్చి వేస్తే కనపడుతుంది. అది ఎర్రగా ఉంటే కౌంటరు దగ్గర వాదన దండగ.

పౌచ్ సరిపోతుంది, పరీక్షించాక. పొడి టిష్యూ కాగితం, గుప్పెడు గులకరాళ్లు అందులో వేసి మూతపెట్టి బకెట్ అడుగున అరగంట ఉంచండి. టిష్యూలో మూల తడిసినా ఆ పౌచ్ బీచ్‌కి పనికిరాదు. జిప్పు గాడిలో ఇసుక పడితే ప్రతిసారీ కడిగి తుడవాలి. నీళ్లలో టచ్ పనిచెయ్యదు. ఉప్పునీరు స్క్రీన్ మొత్తాన్ని ఒకే పెద్ద వేలిలా తాకినట్టవుతుంది, బొమ్మలు వాటంతటవే నొక్కుకుంటాయి. గట్టుమీదే వీడియో మోడ్ పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టి దిగండి, లేదా వాల్యూమ్ బటన్‌తో మొదలుపెట్టండి. పౌచ్ ప్లాస్టిక్‌కి లెన్స్ ఆనుకుని ఉండాలి, మధ్యలో గాలి ఉంటే మసక.

సగం నీళ్లలో సగం పైన ఉండే ఆ రీల్ కావాలంటే పౌచ్‌తో రాదు. దానికి కెమెరా ముందు గుండ్రటి గాజు డోమ్ కావాలి, నీటిగీత లెన్స్‌కి దూరంగా పడాలి. యాక్షన్ కెమెరాకి డోమ్ అద్దెకి దొరికితే తీసుకోండి, డబ్బు దానికి పెట్టడం సబబు. నడుం లోతు దాటొద్దు. మన తీరంలో వెనక్కి లాగే ప్రవాహాలు పైకి కనపడవు. ఆర్కే బీచ్‌లో, యారాడలో బోర్డులు ఊరికే పెట్టలేదు.

మల్టీమీటర్

టంకంపెట్టె గారూ, ఏడాదిన్నర ఫోన్‌ని మళ్లీ నీళ్లలో పెట్టమనడం నాకు నచ్చలేదు. సీలు జిగురు వయసు ఎవరికి తెలుసు? ఆల్కహాల్ ఒక్కటీ సరిపోదా?

టంకంపెట్టె

సరిపోదు, ఆల్కహాల్‌లో ఉప్పు దాదాపు కరగదు. నీళ్లే కావాలి. అంగుళం లోతు ఒత్తిడి లెక్కలోకి రాదు, ఆ ఫోన్ ఇప్పటికే అల తట్టుకుంది. అయినా మీ అనుమానంలో పస ఉంది: స్క్రీన్ పగిలినా, వెనక గాజు చీలినా, ఒక్కసారైనా బయట షాపులో విప్పించినా గ్లాసు పద్ధతి వద్దు. అప్పుడు మెత్తటి నైలాన్ బ్రష్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, విదిలించి, తడిపొడిగా నాలుక మీద నాలుగైదుసార్లు, ఆ తర్వాత ఆల్కహాల్ బ్రష్‌తో ఓసారి. స్విచాఫ్ లోనే.

కడిగాక కూడా హెచ్చరిక వస్తే వేరే కేబుల్ పెట్టి చూడండి. తడి ఫోన్‌కి గుచ్చిన పాత కేబుల్ మూతిలోనూ ఉప్పుంటుంది, కొత్తగా కడిగిన పోర్టుకి మళ్లీ అదే అంటిస్తుంది. శామ్‌సంగ్‌లో అయితే యాప్స్ జాబితాలో సిస్టమ్ యాప్స్ చూపించమని, యూఎస్‌బీ సెట్టింగ్స్ క్యాష్ (దాచుకున్న తాత్కాలిక డేటా) క్లియర్ చేస్తే పాత హెచ్చరిక మొండిగా ఉండిపోవడం తగ్గుతుంది. కడగకముందు మాత్రం ఆ పని చెయ్యొద్దు.

సింధియా_సిగ్నల్

ఫోన్ గురించి అంతా చెప్పారు, చేతికున్న వాచీ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాచీ మీద రాసే 5ఏటీఎమ్ అంటే 50 మీటర్ల లోతుకి వెళ్లొచ్చని కాదు, కదలని నీటిలో అంత ఒత్తిడిని పరీక్షలో తట్టుకుందని. ఒడ్డున ఈతకి చాలు, స్కూబాకి కాదు. ఇంటికొచ్చాక కుళాయి కింద ఓ నిమిషం పట్టి, బెల్టు విప్పి, వెనకున్న ఛార్జింగ్ చుక్కల్ని (లోహపు బిందువుల్ని) తుడిచి మరీ ఛార్జర్ మీద పెట్టండి. చెమట, ఉప్పు కలిసిన చుక్కల మీద రోజూ 5 వోల్టులు పడితే పోర్టుకి పట్టిన గతే వీటికీ. తోలు బెల్టు సముద్రానికి పనికిరాదు.

ఇయర్‌బడ్స్‌లో చాలావాటికి ఐపీఎక్స్4, అంటే చిందే నీటికే. వాటి ఛార్జింగ్ డబ్బీకి చాలా మోడల్స్‌లో ఆ రక్షణ కూడా ఉండదు. తడి బడ్స్‌ని డబ్బీలో వేస్తే డబ్బీయే ముందు పోతుంది.

స్పీకర్లోంచి నీళ్లు చిమ్మించే ‘బూఁ’ సౌండు వీడియోలు, 165 హెర్ట్జ్ షార్ట్‌కట్‌లు స్పీకర్ జాలీలో నీటికి పనిచేస్తాయి. పోర్టుకి వాటితో పనిలేదు.

కడలిగాలి

టార్చి వేసి చూశాను. పైవైపు పిన్నులు మెరుస్తున్నాయి. కిందివైపు ఒకటి మచ్చగా ఉంది, పచ్చదనం లేదు. డిస్టిల్డ్ వాటర్ దొరికింది, రేపు కడుగుతాం. ఒకవేళ పోర్టు మార్చాల్సొస్తే జగదాంబ వైపు షాపుల్లో చేయించొచ్చా, సర్వీస్ సెంటరేనా?

టంకంపెట్టె

ముందు మోడల్ చూసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పోర్టు కింద చిన్న బోర్డు మీద ఉంటుంది, బోర్డు మొత్తం మార్చేస్తే అరగంట పని. కొన్నింటిలో మెయిన్ బోర్డు మీదే టంకం వేసి ఉంటుంది, దానికి హాట్ ఎయిర్, మైక్రోస్కోప్, నిలకడైన చెయ్యి మూడూ కావాలి. షాపతను వాటిని చూపించలేకపోతే ఫోన్ ఇవ్వకండి.

ఎక్కడ చేయించినా విప్పకముందే రెండు అడగండి. చిన్న బోర్డు ఒరిజినలా, కాపీనా? కాపీల్లో ఫాస్ట్ ఛార్జింగ్ చాలాసార్లు పోతుంది, కొన్నింట్లో మైకు కూడా అదే బోర్డు మీద ఉండి గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. రెండోది, వెనక మూతకి కొత్త సీలు జిగురు వేస్తారా? పాత జిగురు మీదే నొక్కి ఇచ్చేస్తే చూడ్డానికి తేడా తెలీదు, ఐపీ68 మాత్రం ఆ క్షణమే పోయింది. ఆ తర్వాత ఆ ఫోన్‌ని వానలో కూడా నమ్మకండి.

ఫోన్ తెచ్చుకునేముందు కౌంటరు దగ్గరే కేబుల్‌ని రెండు వైపులా తిప్పి పెట్టి ఛార్జింగ్ చూడండి. ఒకవైపే ఎక్కుతుంటే ఓ వరుస పిన్నులు అందలేదన్నమాట.