‘ఫ్లోటింగ్ కార్’ని తేలే కారు అనొచ్చా?

ప్రశ్న: తిరుగుతున్న బండ్ల నుంచి ట్రాఫిక్ సమాచారం సేకరించే వ్యవస్థల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ‘ఫ్లోటింగ్ కార్ డేటా’ని ‘తేలే కారు సమాచారం’ అంటే కారు వరదలో కొట్టుకుపోతున్నట్టుంది. మరేమనాలి? బండ్లు పెరిగేకొద్దీ వ్యవస్థ ఆ భారం తట్టుకునేలా చేయడాన్ని ‘స్కేలింగ్’ అంటారు కదా, దానికి ‘విస్తరణ’ చాలా?

జవాబు: తేలడం కాదండీ, ప్రవాహంతో పోవడం. జీపీఎస్ లేని రోజుల్లో ఒక కారును పంపి రోడ్డు వేగం కొలిచేవాళ్లు. డ్రైవరుకి చెప్పేది ఒకటే: నిన్నెన్ని బండ్లు దాటితే నువ్వూ అన్నిటిని దాటు. అలా నడిపితే ఆ కారుకి పట్టిన సమయమే దాదాపు అందరి సగటు. నలుగురితో నారాయణా, గుంపుతో గోవిందా! వ్యాసంలో ‘గుంపుతో సాగే బండి’ అని ఒకసారి విప్పి చెప్పి, ఆపైన ఫ్లోటింగ్ కార్ అనే రాసేయండి.

ఇంకొకరు: ట్రాఫిక్ వ్యాసంలో ‘విస్తరణ’ అంటే రోడ్డు వెడల్పు చేస్తున్నారనుకుంటారు! పనిలో ఉన్నవాళ్లు అడిగేది ‘లోడ్ తట్టుకుంటుందా’ అనే. లక్ష బండ్లు సెకనుకోసారి తామెక్కడున్నదీ చెబితే సెకనుకి లక్ష సందేశాలు. పది సెకన్లకోసారైతే సగటున పదివేలే. సర్వర్లు పెంచడం పెద్ద పని కాదు, వాటికి పని పంచడమే తంటా. రోడ్డు ముక్కల వారీగా పంచితే జామైన ముక్క చూసే సర్వర్ మీదే భారమంతా పడుతుంది. బండ్ల వారీగా పంచితే ఒక్క రోడ్డు వేగం తేల్చడానికి అన్ని సర్వర్లనీ అడగాలి. సొరంగంలో సిగ్నల్ పోయిన బండి దాచుకున్నదంతా బయటికొచ్చాక ఒక్కసారే కుమ్మరిస్తుంది. అందిన సమయం కాక కొలిచిన సమయం చూడకపోతే పాత జామ్ కొత్తదిగా కనిపిస్తుంది.

అడిగినవారు: అయితే అన్ని బండ్లూ చెప్పాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. 2008 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో వంద కార్లలో ఫోన్లు పెట్టి ఒక హైవే మీద తిప్పారు. రోడ్డుకి అడ్డంగా ఉన్నట్టు మ్యాప్‌లో అనుకున్న ఊహాగీతలు దాటినప్పుడే ఫోన్ తన వేగం చెప్పే పద్ధతినీ అక్కడ వాడారు. మొత్తం వాహనాల్లో రెండు మూడు శాతం నుంచి సమాచారం వచ్చినా ఆ హైవే మీద వేగం బాగానే తెలుస్తుందని తేల్చారు. అందుకే ‘విస్తరణ’ వద్దంటాను. ఏది వదిలేయాలో తెలియడమే ఇందులో సగం పని.

ఇంకొకరు: సామెత బాగుంది గానీ, బస్సుకి అతకదు. స్టాపులో ఆగిన బస్సు జామ్‌లో ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. సందుల్లోంచి దూరిపోయే బైకు దానికి తిరగబడ్డ కేసు, జామ్‌లోనూ రోడ్డు ఖాళీగా ఉన్నట్టే చూపిస్తుంది. ఈ రెంటినీ కార్లతో కలిపి సగటు తీస్తే గుంపూ ఉండదు, గోవిందా ఉండదు. వ్యాసంలో వీటిని విడిగా రాయండి.