బ్లాక్ మీద 638632 అని ఉంది, ఇదేం ఇంజన్?

గుత్తికోట:
అన్నలూ, మా మామ జీపు గుత్తి దగ్గర కొట్టంలో శానా ఏండ్లుగా పడుండాది. ఆర్సీలో మహీంద్రా సీజే-3బీ అనే ఉంది, బానెట్ కూడా ఎత్తుదే. ఇంజన్ దించి డీజిల్‌తో కడిగితే బ్లాక్ పక్కన ఉబ్బెత్తుగా 638632 అని బయటపడింది. ఆర్సీలో ఇంజన్ నంబరుకూ దీనికీ పొంతనే లేదు. ఇది దొంగ ఇంజనా? వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పనికొస్తాదా? ఇంకోటి, దీనికి అసలు రంగు ఏది, గ్రే నా పచ్చా? హెడ్ గ్యాస్కెట్ యాడ దొరుకుతాది?

పాత_స్పానర్:
ఫస్ట్ ఒకటి అర్థం చేసుకో తమ్ముడూ. ఉబ్బెత్తుగా ఉండేది పోతపోసేటప్పుడు అచ్చులోంచి వచ్చిన అంకె. ఆ అచ్చులో పోసిన ప్రతి బ్లాక్ మీదా అదే ఉంటాది. ఆర్సీలో రాసేది పంచ్ కొట్టిన నంబర్, బండికొకటి. దాన్నీ దీన్నీ పోల్చుకుని దొంగతనం అంటే ఎట్ల? 638632 అంటే రెండో ప్రపంచయుద్ధకాలం మిలిటరీ జీపు, విల్లీస్ ఎంబీ బ్లాక్. ఈ అంకెలు నాకు నోటికొచ్చు, పుస్తకం చూడాల్సిన పనిలేదు.

నంద్యాల_డీజిల్:
నోటికొచ్చిందే చెప్తావు గానీ ఆలోచించవా? 3బీకి ఎత్తు బానెట్ ఎందుకు పెట్టినారు? దాంట్లో వచ్చే హరికేన్ ఇంజన్ ఎత్తు కాబట్టి. దాని కింద ఎంబీ ఇంజన్ ఎవురు పెడతారు? ఈయన అంకె తప్పు చదివింటాడు. తుప్పులో 3 కూడా 8 మాదిరే కనపడతాది.

పాత_స్పానర్:
పెద్ద ఇంటిలో చిన్న మంచం పట్టదా? రెండూ 134 క్యూబిక్ అంగుళాలే, బోరు 3.125 అంగుళాలు, స్ట్రోకు 4.375. హరికేన్‌లో ఇన్‌టేక్ వాల్వు హెడ్‌లోకి పోయింది, ఎగ్జాస్ట్ బ్లాక్‌లోనే ఉంది. గో డెవిల్‌లో, అంటే ఎంబీ ఇంజన్‌లో, రెండూ బ్లాక్‌లోనే. మౌంటింగులు కలుస్తాయి. హెడ్‌లో వాల్వు ఉంటే పైన దాన్ని కప్పే రాకర్ కవర్ ఉంటాది. గుత్తికోటా, అది ఉందా లేదా చెప్పు, ఈయన నోరు మూతపడ్తాది.

కడప_అంబాసిడర్:
ఇట్లాంటిదే నాకొకటి జరిగింది, అందుకే చెప్తుండా. ప్రొద్దుటూరు వైపు ఒకాయన "మొదటి అంబాసిడర్, మొదటి ఇంజన్, ఏదీ మార్చలేదు" అని ధర చెప్పినాడు. మొదట్లో వచ్చిన వాటికి 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజన్, అంటే వాల్వులన్నీ బ్లాక్‌లోనే. 1959లో బీఎంసీ వాళ్ల 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్ వచ్చింది. బానెట్ ఎత్తగానే రాకర్ కవర్ నిగనిగలాడుతా కనిపించింది. "అన్నా, ఇది ఇంజన్ మార్చిన బండి" అన్యా. ధర సగానికి దిగింది. కొన్యా.

నంద్యాల_డీజిల్:
ఎవురడిగినారప్పా నీ అంబాసిడర్? ఇక్కడ జీపు గురించి మాట్లాడుతున్నాం.

కడప_అంబాసిడర్:
బ్లాక్ గుర్తుపట్టే సంగతే కదా. నువ్వు మా నాయన కాలం నుంచీ జీపుల పెట్రోలింజన్లు పీకి ప్యూజో డీజిళ్లు కుట్టించే బ్యాచ్. అసలు ఇంజన్ ఎట్లుంటాదో నీకెట్ల తెలుస్తాది?

నంద్యాల_డీజిల్:
నోరు జాగ్రత్త. మా జీపు పత్తి మోసింది, పెండ్లిండ్లకు పోయింది, కొండలెక్కింది. పెట్రోలు పోసి దాన్ని పూజ చేస్తా కూర్చుంటే ఇల్లు గడిచేదా? మీ మాదిరి ఆదివారం తుడిచి ఫోటోలు పెట్టేవాళ్లం కాదు.

గుత్తికోట:
రాకర్ కవర్ లేదు. హెడ్ చదునుగా ఉంది, ప్లగ్గులు పైనే ఉన్నాయి. రంగు గురించి ఎవురన్నా చెప్పండన్నా.

పాత_స్పానర్:
చూసినారా. గో డెవిల్ సైడ్ వాల్వు, 2199 సీసీ, 60 హార్స్ పవర్. ఇప్పుడు ముందు టైమింగ్ కవర్ విప్పు. యుద్ధకాలం వాటిలో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పేదానికి చైన్ ఉంటాది, 1946లో గేర్లకు మారినారు. పక్కనే ఇంకో అంకె ఉంటే అదీ చూడు. 641087 ఉంటే యుద్ధం తర్వాతి సీజేలది. జీపీడబ్ల్యూ 6015 అని ఉంటే ఫోర్డు, ఆ మిలిటరీ జీపునే వాళ్లూ చేసినారు.

తాడిపత్రి_పెన్నా:
ఫోర్డు బ్లాక్ ఉంటే జీపు రేటు రెండింతలు పలుకుతాదని విన్నా, నిజమా?

ఆదోని_రెట్రో:
బ్లాక్ ఫోర్డుదైతే జీపంతా ఫోర్డు అయిపోదు సామీ. సైన్యం వర్క్‌షాపుల్లో దేని ఇంజన్ దొరికితే దాన్ని దేంట్లోనో దించేవాళ్లు, విల్లీస్ బాడీలో ఫోర్డు ఇంజన్, ఫోర్డు చాసీలో విల్లీస్ ఇంజన్. చాసీ చూడకుండా బ్లాక్ ఫోటో చూపించి "ఫోర్డు జీపు" అని అమ్మేవాళ్లతో నేను విసిగిపోయినా. అట్లాంటి ప్రకటనొకటి నమ్మి కర్నూలు నుంచి దిండుకల్లు దాకా పోయిన స్నేహితుడు వట్టి చేతులతో వచ్చినాడు.

తాడిపత్రి_పెన్నా:
అడిగింది రేటు, చెప్పింది కథ.

ఓల్డ్_డోన్:
గుత్తికోటా, పంచ్ నంబర్ ముందువైపు, వాటర్ పంపు వెనకాల కుడిపక్క చదునైన చోట ఉంటాది. గ్రైండర్ పెట్టొద్దు, వైర్ బ్రష్ గట్టిగా రుద్దొద్దు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరినాక సుద్దముక్క రాస్తే అంకెలు తేలుతాయి. పైన తెల్లకాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే ఇంకా బాగా వస్తాది. గ్రైండర్ గీత కనిపిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ నిన్నే దొంగను చేస్తాడు.

గుత్తికోట:
చైనే ఉంది! పంచ్ నంబర్ ఎంబీ అనే అక్షరాలతో మొదలైంది, తర్వాత అంకెలు. ఆర్సీలోది కాదు. మామను అడిగితే "పాత ఇంజన్ పట్టేసింది, మిలిటరీ వేలంలో వచ్చినదాన్ని మేస్త్రీ దించినాడు" అన్నాడు. ఎప్పుడని అడిగితే "నువ్వు పుట్టకముందు" అంటాడు.

పాత_స్పానర్:
ఎవురో అంకె తప్పు చదివినావన్నారే, ఆయన యాడున్నాడు?

నంద్యాల_డీజిల్:
ఇక్కడే ఉండా. ఇంజన్ ఎంబీ అయినా, జీపు 3బీయే కదా. ఇప్పుడు దాన్ని ఏమంటావు, మిలిటరీ జీపు అంటావా, మహీంద్రా అంటావా? రెండూ కాదు.

ఆదోని_రెట్రో:
ఇందులో మాత్రం ఆయన మాట నిజమే. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం వింటేజ్ కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటాల, చాసీ, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. అప్పుడే వింటేజ్ బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు. ఫీజు కొత్తగా అయితే 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. రోజూ తిప్పడానికి, కిరాయికి పనికిరాదు. ఈ ఇంజన్‌తో దరఖాస్తు పెడితే అడ్డం పడొచ్చు. ముందు ఇంజన్ మార్పును ఆర్సీలో ఎక్కించుకో, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తాది ఇది.

కడప_అంబాసిడర్:
లేకపోతే హరికేన్ ఒకటి వెతికి దించు, ఈ ఎంబీ పక్కన పెట్టు. యుద్ధకాలం జీపు కట్టుకునేవాడు ఎంతైనా ఇస్తాడు.

నంద్యాల_డీజిల్:
నేనే ఇస్తా. మెసేజ్ పెట్టు తమ్ముడూ, వారంలో ట్రాలీ తెస్తా.

పాత_స్పానర్:
డీజిల్ ఆయన పెట్రోలు బ్లాక్ కొంటాడంట, విన్నారా!

గుత్తికోట:
అమ్మేది లేదన్నా, మామకు తెలిస్తే నన్ను కొట్టంలో కట్టేస్తాడు. హెడ్ బోల్టులు ఎంత బిగువుకు బిగించాలో తెలిసినవాళ్లు ఎవురన్నా ఉంటే చెప్పండి. మేస్త్రీ "చెయ్యి చెప్తాది" అంటున్నాడు, నాకు భయంగా ఉంది.