అప్‌డేట్: మేడ మీది బరకం (టార్పాలిన్) మీద ఇప్పుడు నీళ్లు నిలవట్లేదు

పోయిన నెల అడిగింది నేనే. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలకి మేడ మీద వాషింగ్ మెషీన్ తడవకుండా పైన కట్టిన బరకం మధ్యలో చెరువులా నీళ్లు నిలిచి, మూలల రింగులు ఊడొచ్చేస్తున్నాయని. జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "మధ్యలో తాడు" సలహా. వాటర్ ట్యాంక్ స్తంభం నుంచి ఎదురుగా ఉన్న ఇనుప పైపుకి నైలాన్ తాడు బిగించి, దాని మీద బరకాన్ని ఇంటి కప్పులా రెండు వైపులకీ వాలేట్టు వేశాను. ఇదివరకు నాలుగు మూలలూ ఒకే ఎత్తులో కట్టేశాను, అసలు తప్పు అదే. మాది 12 బై 15 అడుగులు, లెక్కేస్తే ఒక్క సెంటీమీటరు వాన పడినా 160 లీటర్ల పైనే, అంత బరువుకి రింగులు ఆగుతాయా మరి!

రింగులు పోయిన రెండు మూలల్లో నిమ్మకాయంత గుండ్రటి రాయి పెట్టి, దాని చుట్టూ బరకం ముడిచి, ఆ మెడకి తాడు కట్టాను. నాకు నమ్మకం లేదు గానీ మొన్నటి గాలివానకి కూడా జారలేదు. తాళ్ల చివర్లలో పాత సైకిల్ ట్యూబు ముక్కలు కట్టమన్నది మా ఆవిడ, గాలి కొట్టినప్పుడు అవి సాగుతున్నాయి, బరకం చిరగట్లేదు.

ఇంకా మందం బరకం కొనమన్నారు కొందరు, అవసరం పడలేదు, పాతదే వాడుతున్నా. అంచుల మీద ఇటుకలు పెట్టడం మాత్రం వద్దు, ఒకటి పిట్టగోడ మీంచి కింద పార్కింగ్‌లో పడింది, అదృష్టం బాగుండి ఎవరూ లేరు.